ఆడబడుచు తలుపు

నమోదు 1. సోమవారం.

ఇది మండలి మినిట్స్ పుస్తకం కాదు. మినిట్సు ఇమాముద్దీన్ రాస్తాడు. అతను దర్జీ, కుట్టు కనపడకుండా కుట్టడం అతని వృత్తి. అతని మినిట్సులో మేమంతా మర్యాదగా మాట్లాడుకున్నట్టే ఉంటుంది. నేను ఈ నాచు కాగితం మీద జరిగింది జరిగినట్టు రాస్తాను. తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక సాక్ష్యం ఉండాలి.

పొద్దున్నే ఏడో దిమ్మెకి తాడు కట్టుకుని దిగి ఆల్చిప్పలు గీకాను. ఎత్తురేవు నగరం మొత్తం ఈ దిమ్మెల మీదే సముద్రం పైకి లేచి నిలబడి ఉంది. నెల రోజులు గీకకపోతే చిప్పలు గుత్తులు గుత్తులుగా పేరుకుని కాంక్రీటుని పెళ్ళగిస్తాయి. ముప్ఫై ఏళ్ళుగా ఇదే నా పని. అక్షరాలు కూడా ఆ తాడు మీద వేలాడుతూనే నేర్చుకున్నాను, నడుముకి కట్టుకున్న వాక్యంలోంచి, అంటే బైబిల్లోంచి. ఎవరూ నా తల మీద చెయ్యి పెట్టి అభిషేకించలేదు. అయినా సాయంత్రం పడవలో నిలబడి బోధిస్తాను. వినేవాడు వింటాడు, విననివాడికి దిగే దారి లేదు.

మధ్యాహ్నం పడవ రేవు వెనక షెడ్డులో పౌర హక్కుల మండలి. ఏడుగురం, అందరం ఊరికే చేసేవాళ్ళమే. ఒకరిని శిక్షించే అధికారం మాకు లేదు. ఫిర్యాదు తీసుకోవచ్చు, రికార్డులు తెప్పించుకోవచ్చు, రెండు పక్షాల్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు, నలుగురిలో విచారణ పెట్టి సిఫార్సు రాయవచ్చు. రేవులో మమ్మల్ని "టీ కమిటీ" అంటారు. టీ ఫ్లాస్కు కూడా మా ఇళ్ళనుంచే తెచ్చుకుంటాం, అది మాత్రం ఎవరూ అనరు.

ఇవాళ ఒక ముసలామె వచ్చింది. పేరు నూకాలు. మూడో దిమ్మె చేపలెండబెట్టే వరస. భర్త సముద్రం అడుగున తీగలు లాగిన డైవరు, ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరి నాలుగో దిమ్మె వైద్యశాలలో పడున్నాడు. ఆరు రోజులైంది. ఆమెని లోపలికి రానివ్వడం లేదు.

"ఎందుకు రానివ్వరు?" అని అడిగింది మా అధ్యక్షురాలు సత్యవేణి గారు. ఆవిడ పడవ కండక్టరుగా రిటైరైన మనిషి. ఏం అడిగినా టికెట్ అడిగినట్టే ఉంటుంది.

"తలుపు పేరు సెప్పమంతాది తల్లీ."

"మరి చెప్పు."

"ఆయన పేరు నాను సెప్పకూడదు కదా."

షెడ్డులో ఒకరిద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను, నేనూ నవ్వాను.

ఫిర్యాదు పలక ఆమె ముందు పెట్టాం. పలక అడిగింది: "మీ పేరు?" చెప్పింది. "మీ వరస?" చెప్పింది. "భర్త పేరు?" ఆమె పలక వంక చూసింది, మా వంక చూసింది, చెంగు దులుపుకుని లేచింది.

"మీ కాడా ఇదే గోలా," అని వెళ్ళిపోయింది.

నమోదు 2. మంగళవారం.

నాకు రాత్రంతా మండుతూనే ఉంది. తలుపు మీద కాదు, ఆమె మీద. రెండు మాటలు. ఒక పేరు, ఒక ఇంటిపేరు. అవి పలికితే తలుపు తెరుచుకుంటుంది. మూఢనమ్మకం కోసం ఒక మనిషిని ఒంటరిగా చావనిస్తావా? ఈ మాట ఆమె మొహం మీద అడుగుదామనే పని మానుకుని నాలుగో దిమ్మెకి వెళ్ళాను.

వైద్యశాల తలుపు ముందు పొడుగాటి బల్ల ఉంది. నూకాలు దాని మీద మఠం వేసుకుని కూర్చుంది. పక్కన ఇంకో ఎనిమిది మంది దాకా ఉన్నారు. తలుపు తెల్లగా, నున్నగా ఉంటుంది. గొంతు మాత్రం ఒకటో తరగతి టీచరమ్మది.

"మీరు చూడవలసిన వ్యక్తి పూర్తి పేరు మీ స్వరంతో స్పష్టంగా చెప్పండి అమ్మా."

"మా ఆయన," అంది నూకాలు.

"క్షమించండి. ఆ పేరుతో రోగి ఎవరూ లేరు."

"సూసేరా?" అంది నాతో. "పొద్దుటేల నుంచి ఇదే వరస. పక్కవరస గౌరి సెప్పింది ఆయన పేరు, నా బదులు. 'ఇది భార్య స్వరం కాదు' అన్నాది. దీనికి సెవులు బాగానే ఉన్నాయి."

నేను మొదలుపెట్టాను. నేను మొదలుపెడితే ఎలా ఉంటుందో పడవలో వాళ్ళకి తెలుసు. "అమ్మా, నోటితో ఒప్పుకోవాలని వాక్యం చెప్తుంది. గుండెలో ఉన్నది నోటికి రాకపోతే రక్షణ లేదు. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఎవడో చెప్పాడు, నువ్వు నమ్మావు. ఆయుష్షు ఇచ్చేవాడు పైన ఉన్నాడు. నీ నాలుక మీద లేదు."

ఆమె పూర్తిగా విన్నది. చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పాస్టరుబాబూ, నువ్వు మొక్కేటప్పుడు దేవుణ్ణి పేరెట్టి పిలుస్తావా?"

"నేను పాస్టర్ని కాను. ప్రభువా అని పిలుస్తాను."

"అది పేరా?"

కాదు. వాక్యంలో దేవుడి అసలు పేరు వచ్చిన చోటల్లా దాన్ని రాసుకున్న పూర్వీకులు దాన్ని పలకకుండా 'ప్రభువు' అని చదివేవారు. పలకడానికి భయపడి కాదు, నోట్లో పెట్టుకుని అరగదీయడం ఇష్టం లేక. ఇది నేనే పడవలో ఎన్నోసార్లు బోధించాను.

"ఒక్కసారి సెప్పేనయ్యా నాను కూడా," అంది ఆమె. "పెళ్ళయి అత్తారింట్లో అడుగెట్టేటప్పుడు. ఆడబడుచు గుమ్మానికి చేతులడ్డమెట్టి, మా అన్న పేరు సెప్తే గానీ లోనకి రానివ్వనని కూకున్నాది. ఊరంతా నవ్వుతాంటే సెప్పేను. అప్పుడు లోనకెల్లడానికి సెప్పేను. ఇప్పుడు ఆయన్ని ఇంకెక్కడికో పంపేడానికి సెప్పాలా?"

బల్ల మీది వాళ్ళంతా నవ్వారు. ఒకావిడ తలుపు వైపు చెయ్యి చూపించి, "ఈవిడ కూడా ఆడబడుచేనే, కట్నం అడగలేదు, అంతే," అంది. అప్పట్నుంచి అందరూ దాన్ని ఆడబడుచు అంటున్నారు. నేను కోపంగానే తిరిగి వచ్చాను. కోపం ఎవరి మీదో తెలియకుండా వచ్చాను.

నమోదు 3. బుధవారం.

కోరం ఐదుగురు. వచ్చింది నలుగురం. ఒకాయన నాచుమడి కోతలో ఉన్నాడు, ఒకావిడ మనవరాలి పుట్టువెంట్రుకలకి వెళ్ళింది, ఇంకొకాయన కబురే లేదు. నలుగురం టీ తాగి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. ఒక మనిషి ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు, మేము కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాం. పట్టణంలో పదిమంది నీతిమంతులుంటే పట్టణాన్ని వదిలేస్తానన్నాడు దేవుడు. మాకు ఐదుగురు దొరకడం లేదు.

ఉన్న సమయం ఊరికే పోనివ్వడం ఎందుకని ఇమాముద్దీన్ పాత మినిట్సు తీశాడు. వైద్యశాల తలుపుకి ఈ నియమం ఎప్పుడు వచ్చిందో చూద్దామని.

"జకరయ్యగారూ, మీరు కూర్చోండి," అన్నాడు.

"కూర్చునే ఉన్నాను."

"గట్టిగా కూర్చోండి."

ఐదేళ్ళ కిందట ఆ తలుపుకి కళ్ళుండేవి. మొహం చూసి లోపలికి పంపేది. ఎండకీ ఉప్పుకీ మాడిన మొహాలు దానికి అన్నీ ఒక్కలాగే కనపడేవి. డైవర్లని, ఎండుచేపల వాళ్ళని గంటల తరబడి బయట నిలబెట్టేది. మండలి పోరాడింది. విచారణ పెట్టాం, సిఫార్సు రాశాం, గెలిచాం. తలుపు కళ్ళు పీకించాం. వాటి బదులు ఏం పెట్టాలి? 'దేవుడు ప్రతి మనిషికీ నోరిచ్చాడు, నోటికి రంగు లేదు, తలుపు నోటినే నమ్మాలి' అని ఆ రోజు ఒక సభ్యుడు ఉద్రేకంగా ప్రసంగించినట్టు, సభ చప్పట్లు కొట్టినట్టు మినిట్సులో ఉంది.

ఆ సభ్యుడు నేనే.

ఇమాముద్దీన్ పేజీ మూసేశాడు. సత్యవేణి గారు ఫ్లాస్కులో మిగిలిన టీ నా గ్లాసులో పోసింది. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది, కనీసం అరిచేవాణ్ణి.

నమోదు 4. గురువారం.

పొద్దుటి పడవలో బోధించాను. ఏం చెప్పాలో ముందు అనుకోలేదు. వాక్యంలో గుడికెళ్ళి మొక్కుకునే ఒక గొడ్రాలి కథ నోటికొచ్చింది. ఆమె పెదవులు కదుపుతుంది, గొంతు బయటికి రాదు. గుమ్మం దగ్గర కూర్చున్న ముసలి యాజకుడు చూసి, తాగి వచ్చావా, ఎంతసేపు ఈ మత్తు అని గదమాయిస్తాడు. అక్కడిదాకా చెప్పి ఆగిపోయాను. పడవంతా నావంక చూస్తోంది.

"తర్వాతేమైంది?" అన్నాడు తాడు పట్టుకున్నతను.

"ముసలాడిది తప్పు," అన్నాను. "ఈ రోజుకింతే."

నాలుగో దిమ్మె దగ్గర దిగిపోయి నూకాలు దగ్గరికి వెళ్ళాను. మంగళవారం నేనన్న మాటలకి క్షమించమన్నాను. "పోన్లే బాబూ, నీ గొంతు పెద్దది, అది నీ తప్పు కాదు," అంది. లోపల్నుంచి వచ్చిన నర్సు చెప్పిందట, ఆయన తిండి ముట్టడం లేదని, ఇంకో వారం అనుమానమేనని.

మధ్యాహ్నం ఆరుగురం వచ్చాం. రాకపోతే ఇంటికొచ్చి పాట పాడతానని నిన్న కబురు పంపాను, అది పని చేసింది. మొదట మా గుమ్మం సంగతి తేల్చాలన్నాను. మన పలకే 'భర్త పేరు' అడిగి ఆడవాళ్ళని తిప్పి పంపుతుంటే వైద్యశాల వైపు ఏ మొహంతో వేలు చూపిస్తాం?

"ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదే," అంది సత్యవేణి గారు.

"అనాలంటే లోపలికి రావాలి కదండీ," అన్నాడు ఇమాముద్దీన్.

ఆ ప్రశ్న తీసేశాం. ఒక ప్రశ్న తీయడానికి గంటా పది నిమిషాలు పట్టింది. దాని స్థానంలో ఏం పెట్టాలని ఒకరు, అసలు పలక తయారుచేసినవాణ్ణి అడగొద్దా అని ఒకరు. చివరికి నూకాలు ఫిర్యాదు నమోదైంది. ఎనభై ఎనిమిదో నెంబరు. ఎవరిని చూడటానికి అన్నచోట ఇమాముద్దీన్ "ఆయన" అని రాశాడు, చక్కగా గుండ్రంగా.

నేను కూడా ఈ పుస్తకంలో ఆ పేరు రాయను. నాకు తెలుసు. అయినా రాయను.

నమోదు 5. శుక్రవారం.

వైద్యశాల పరిపాలనాధికారి వరాహమూర్తి గారు. నేను, సత్యవేణి గారు వెళ్ళాం. మాకు పీటలాంటి కుర్చీలు, ఆయనకి గాలి బుడగల కుర్చీ. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువయ్యేది.

"చూడండి, తలుపుకి ఎవరి మీదా కక్ష లేదు. అందర్నీ ఒకటే అడుగుతుంది. అదే కదా సమానత్వం? పైగా ఈ పద్ధతి మీరు కోరిందే."

"మేము కోరినదే తప్పైంది. అది దిద్దమనే వచ్చాం," అన్నాను.

"దొంగ బంధువులు వచ్చి రోగుల చేత వేలిముద్రలు వేయించుకుపోయిన రోజులు మర్చిపోయారా? పేరు పలకడం చిన్న విషయం. ఆవిడ పట్టుదల మనిషి, అంతే."

"కొంగ, నక్క కథ తెలుసా మీకు?" అంది సత్యవేణి గారు. "ఇద్దరికీ ఒకటే పళ్ళెం పెట్టారు. సమానంగానే పెట్టారు."

ఆయన నవ్వాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. "ఇంకో దారి ఉంది కదండీ. రోగి తనంతట తానే ఫలానా మనిషిని పంపమని పేరు చెప్తే తలుపు తెరుస్తుంది. ఆయన ఇన్ని రోజుల్లో ఒక్క పేరూ చెప్పలేదు. భార్యని చూడాలని ఆయనకే లేదేమో. మనం బలవంతం చేస్తామా? ఆయన హక్కు ఆయనది."

మెట్లు దిగుతూ గోడని ఒక్క గుద్దు గుద్దాను. చెయ్యి వాచింది. సత్యవేణి గారు, "ఆల్చిప్పలు గీకే చెయ్యి, కాస్త చూసుకోండి," అని, మళ్ళీ పైకెక్కి, రికార్డులు కోరే పత్రం ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది. మంచం దగ్గర రోగి మాట వినేది యంత్రమే. నూకాలు భర్త దానితో అన్నవన్నీ, అది రాసుకున్నవన్నీ కావాలని ఆ పత్రం. మూడు రోజుల్లో ఇచ్చి తీరాలి. మాకున్న పళ్ళలో గట్టి పన్ను అదొక్కటే.

నూకాలుకి వరాహమూర్తి అన్న మాట చెప్పాలా వద్దా? చెప్పలేదు. బల్ల పక్కనుంచి తలవంచుకుని వెళ్ళిపోయాను. వాక్యం చేతిలో ఉండి కూడా పిరికివాణ్ణయ్యాను.

నమోదు 6. సోమవారం.

మూడో రోజు సాయంత్రం గడువు ముగియడానికి పావుగంట ముందు రికార్డు పంపారు. అదీ మర్యాదే.

షెడ్డులో ఇమాముద్దీన్ చదివాడు. నూకాలు కింద కూర్చుంది, వద్దన్నా కుర్చీ ఎక్కదు. మంచం మీద ఆయన నీళ్ళు అడిగాడు, ఇచ్చారు. కిటికీ తెరవమన్నాడు, తెరిచారు. తర్వాత అంతా ఒకటే వాక్యం. "ఇంటికి పంపమని రోగి కోరిక. వైద్య కారణాల వల్ల తిరస్కరణ." మళ్ళీ అదే. రోజుకి మూడుసార్లు, నాలుగుసార్లు. మొత్తం నలభై ఒకటి.

"ఇంటికొచ్చేత్తానంటన్నాడా?" అంది నూకాలు. "ఆయన అలగ అనడే. ఆస్పత్రిలో ఏసినప్పుడు, బాగయితే గానీ గుమ్మం తొక్కనన్నాడు. పంతగాడు."

"నొప్పికి మనసు మారుతుందమ్మా," అన్నాను.

"నీకు తెల్దు బాబూ. సరిగ్గా ఏటన్నాడో సదువు."

"ఇదే ఉంది. 'ఇంటికి పంపమని.'"

"అది తలుపోళ్ళు రాసుకున్నది. ఆయనేటన్నాడో సదువు."

ఇమాముద్దీన్, నేను ఒకర్నొకరు చూసుకున్నాం. రాతకి వెనక గొంతు కూడా ఉంటుంది, అడిగితే ఇవ్వాలి. ఇద్దరం చదువుకున్నవాళ్ళం, ఆ సంగతి మాకు తట్టలేదు. వెంటనే అడిగించాం. గంట తర్వాత వచ్చింది.

పలకలోంచి ముందు దగ్గు. తర్వాత బావిలోంచి వచ్చినట్టు ఒక మగగొంతు. "మా ఇంటిదాన్ని... పంపండి."

రెండోది. "అమ్మా, మా ఇంటిదాన్ని పంపండమ్మా."

పదో దానికి గొంతులో కోపం. "ఏటే, ఎన్నిమార్లు సెప్పాల. మా ఇంటిదాన్ని పంపండి."

యంత్రానికి 'ఇంటిది' అంటే ఏంటో తెలీదు. ఇల్లు తెలుసు. పంపడం తెలుసు. రెండూ కలిపి అర్థం అల్లుకుంది. ఆయనా పేరు చెప్పడు, ఈమె కూడా చెప్పదు. తలుపుకి అటు ఆయన, ఇటు ఈమె. పదమూడు రోజులుగా ఇద్దరూ ఒకర్నొకరు పిలుచుకుంటూనే ఉన్నారు. మధ్యలో అంత చదువుకున్న తలుపుకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

నూకాలు ఏడవలేదు. "ఇంకోపాలి ఎయ్యి," అంది. వేశాడు. "ఇంకోపాలి." నలభై ఒకటీ విన్నది. మేమంతా కూర్చునే ఉన్నాం. ముప్ఫయ్యో దాని తర్వాత గొంతు సన్నబడిపోయింది, చివరి నాలుగూ ఊపిరే.

"రేపు విచారణ," అంది సత్యవేణి గారు. పిడికిలితో బల్ల మీద ఒక్క దెబ్బ వేసింది.

నమోదు 7. మంగళవారం.

విచారణ రేవు మీదే, ఆరుబయట. షెడ్డు పట్టలేదు. ఎండుచేపల వరస ఆడవాళ్ళు బుట్టలతో సహా వచ్చారు. బల్ల మీద రోజూ కూర్చునేవాళ్ళూ వచ్చారు. మండలి నుంచి ఐదుగురం, సరిగ్గా కోరం.

ఇమాముద్దీన్ ఆ గొంతు వినిపించాడు. ఒక్కసారే, చాలింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. వెనకనుంచి ఒకావిడ, "మా ఆయనా నన్ను అలగే పిలుస్తాడు, ఈ తలుపుకి సస్తే దొరకను నాను," అంది. కొందరు నవ్వారు, నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

వరాహమూర్తి గారు లేచాడు. మొహంలో నిజంగానే బాధ ఉంది. వైద్యుడు ఇంకా రెండు రోజులే అంటున్నాడని చెప్పి, ఒక కాగితం చదివాడు. మానవతా దృష్టితో ఈ ఒక్క రోగి విషయంలో నూకాలు గారికి పేరు అడగకుండా ప్రవేశం. ఇవాళ్టి నుంచే. షరతు ఒకటి, మండలి ఎనభై ఎనిమిదో ఫిర్యాదుని పరిష్కారమైనట్టు మూసెయ్యాలి, ఆ ఫిర్యాదు మీద నియమం గురించి సిఫార్సు రాయకూడదు.

నాకు ఒళ్ళు భగ్గుమంది. జాలి చూపిస్తున్నారట! హక్కు అడిగితే ముష్టి వేస్తారా? లేచి గర్జించాను. వాక్యంలో అన్యాయపు న్యాయాధిపతి కూడా విధవరాలు విసిగిస్తే తీర్పు ఇచ్చాడు గానీ, తీర్పు బదులు చిల్లర చేతిలో పెట్టలేదన్నాను. ఆ బల్ల మీద ఇంకా ఎనిమిది మంది ఉన్నారు, వాళ్ళ గతేంటన్నాను. ఆ కాగితాన్ని సముద్రంలో పారెయ్యమన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఐదేళ్ళ కిందట కొట్టినట్టే.

ఓట్లు మొదలయ్యాయి. సత్యవేణి గారు, ఇంకొకాయన ఒప్పుకుందామన్నారు. ఇమాముద్దీన్, ఇంకొకావిడ వద్దన్నారు. ఇమాముద్దీన్ కలం కింద పెట్టాడు. "ఇవాళ మూసేస్తే రేపు ఆ తలుపు ముందు మా అమ్మ కూర్చుంటుంది," అన్నాడు. చివరి ఓటు నాది. అందరికీ అది ఎటో తెలుసు, ఇప్పుడే గర్జించాను కదా.

నూకాలు వైపు చూశాను. ఆమె అప్పటికే లేచి నిలబడి ఉంది, సంచి చంకలో పెట్టుకుని.

"నువ్వు సెప్పినవన్నీ నిజమే బాబూ," అంది. "నాకు తెలుసు. కానీ మీ ధర్మం రేపు కూడా ఉంటాది. ఆయన ఉండడు."

చెయ్యెత్తాను. "ఒప్పుకుంటున్నాను," అన్నాను. ఇంత చేదు మాట నా నోటినుంచి ఎప్పుడూ రాలేదు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒకడు, "తుస్సుమన్నాడు," అన్నాడు. నిజమే, తుస్సుమన్నాను.

ఎనభై ఎనిమిది మూసేశాం. వరాహమూర్తి గారు సంతకం పెట్టి, కలం జేబులో పెట్టుకుంటున్నాడు. అప్పుడు "మా ఆయనా నన్ను అలగే పిలుస్తాడు" అన్న ఆవిడ బుట్ట కింద దించి ముందుకొచ్చింది. చెల్లెలి భర్త లోపల ఉన్నాడు, చెల్లెలు తొమ్మిది రోజులుగా బల్ల మీదే ఉంది.

"అమ్మా కండక్టరమ్మా, మా సెల్లెలిది రాసుకుంటావా?"

"రాసుకోక," అంది సత్యవేణి గారు. ఇమాముద్దీన్ అప్పటికే కొత్త పేజీ తీశాడు. "ఎనభై తొమ్మిది."

వెనక ఇంకో ముగ్గురు వరస కట్టారు. వరాహమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన షరతులో కొత్త ఫిర్యాదుల మాట లేదు.

నేను ఆ వరస చూడటానికి ఆగలేదు. నూకాలు నాలుగో దిమ్మె వైపు పరుగులాంటి నడక మొదలుపెట్టింది, ఆమె వెంట వెళ్ళాను. తలుపు ముందు వైద్యశాల మనిషి ఒకడు ఏదో మీట నొక్కాడు. తలుపు ఒక్క మాట మాట్లాడకుండా పక్కకి జరిగింది. ఆమె చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

నేను బల్ల మీద కూర్చున్నాను. ప్రార్థన చేద్దామనుకున్నాను. కోపమే వచ్చింది. పద్నాలుగు రోజులు. ఒక ప్రశ్న తీయడానికి గంటా పది నిమిషాలు. నా చప్పట్లు, నా ఐదేళ్ళ కిందటి గెలుపు. మనిషి మనిషికి ఇవ్వాల్సిన దాంట్లో సగం ఇచ్చి, అదే న్యాయమని ఇంటికి పోతాం. వాక్యం ఒళ్ళో తెరిచి పెట్టుకున్నాను గానీ అక్షరాలు కనపడలేదు.

అరగంట తర్వాత తలుపు మళ్ళీ జరిగింది. నూకాలు బయటికొచ్చింది. ఆయన పోయాడేమోనని లేచి నిలబడ్డాను. ఆమె మొహం కోపంతో ఎర్రగా ఉంది.

"పద్నాలుగు రోజులయ్యా!" అంది. "ఒక్కడికి తోచలేదు. గెడ్డం ఎలగ పెరిగిపోయిందో సూడు, ఎండుసేపలా అయిపోయినాడు. నన్ను సూసి ఏటన్నాడో తెల్సా? 'ఎక్కడ సచ్చేవే ఇన్నాళ్ళు' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నీ గెడ్డం మొహం సూడలేక రాలేదన్నాను. ఇంక మాటలేటి, లే. కాసిని వేణ్ణీళ్ళు, సబ్బు, మంచి పదునున్న కత్తి తే. నీ సిప్పలు గీకే కత్తి కాదు!"

నేను వాక్యం బల్ల మీద పెట్టేసి మంగలి కొట్టు వైపు పరిగెత్తాను.